తన మీద తనకు దయ: గాయపడిన బాల్యం తర్వాత ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా సాగాలి

పాలు పొంగాయి. స్టవ్ తుడిస్తే అయిపోయే పని. కానీ గుడ్డ చేతిలోకి తీసుకునేలోపే లోపల ఒక గొంతు లేస్తుంది: “ఒక్క పనైనా సరిగ్గా చేసి చచ్చావా ఎప్పుడైనా?” మేనేజరు “ఫ్రీ అయ్యాక ఓసారి కాల్ చెయ్” అని మెసేజ్ పెడితే విషయం తెలియకముందే కడుపులో దేవినట్టవుతుంది. ఎవరైనా మెచ్చుకుంటే నమ్మబుద్ధి కాదు, తిడితే మాత్రం క్షణంలో నమ్మేస్తాం. జ్వరం వచ్చి పడుకున్నా ఏదో తప్పు చేస్తున్నట్టే ఉంటుంది.

ఈ మార్గదర్శి అలాంటివాళ్ల కోసం. చింతబరికె వాతలు తేలిన వీపులు, తాగొచ్చిన నాన్న చెప్పుల చప్పుడుకి నిద్రలోంచి లేచి కూర్చున్న రాత్రులు, దగ్గరి బంధువు చేసిన పనిని ఎవరికీ చెప్పుకోలేక మింగిన ఏళ్లు, ర్యాంకు తగ్గిందని అందరి ముందూ నిలబెట్టి పరువు తీసిన హాస్టల్ రోజులు, ఇవన్నీ ఇందులోకి వస్తాయి. ఒక్క దెబ్బా పడకపోయినా, ఏడిస్తే దగ్గరికి తీసుకునే చేయి లేకుండా పెరిగినవాళ్లూ వస్తారు.

ఈ విషయం మీద దొరికే సలహాల్లో చాలావరకు అద్దం ముందు నిలబడి ‘నన్ను నేను ప్రేమిస్తున్నాను’ అనుకోమంటాయి. చిన్నప్పుడు గాయపడ్డవాళ్లకి అది ఒక్కోసారి ఎదురుతంతుంది. కెనడాలో జొయాన్ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధనలో ఇలాంటిదే కనిపించింది. ‘నేను ప్రేమకు తగిన మనిషిని’ అని పదేపదే అనుకోమంటే, తమ మీద మంచి అభిప్రాయం ఉన్నవాళ్లకి కాస్త హాయిగా అనిపించింది. తమను తాము తక్కువగా చూసుకునేవాళ్లకి మాత్రం ముందుకన్నా అధ్వాన్నంగా అనిపించింది. లోపలి గొంతు ఊరుకోదు కదా, “ఎవరూ, నువ్వేనా?” అని అడుగుతుంది. అందుకే ఇక్కడ వరస వేరు: జరిగింది జరిగిందని ఒప్పుకున్నాక ముందు ఒళ్లు, తర్వాత మాట, ఆ తర్వాతే జ్ఞాపకం. అమ్మానాన్నల్ని క్షమించడం ఈ వరసలో అసలు మెట్టే కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

మొదలుపెట్టేముందు

చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే, చేతులు కోసుకోవడం లాంటివి చేస్తుంటే, రాత్రి మందు పడితే తప్ప నిద్ర రాని స్థితిలో ఉంటే ఇది ఒంటరిగా చేయాల్సిన పని కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పటికీ కొట్టే మనిషితోనే ఒకే ఇంట్లో ఉంటున్నట్టయితే, దయ నేర్చుకోవడం కన్నా ముందు అక్కడినుంచి క్షేమంగా బయటపడటం చూడాలి. అలాంటప్పుడు ఆడవాళ్లకు 181, ప్రాణం మీదికొస్తే ఎవరికైనా 112. చదువుతున్న మీకు ఇంకా పద్దెనిమిదేళ్లు నిండకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

మిగతావాళ్లకి కావాల్సిన సామాను తక్కువ. ఒక నోట్‌బుక్కు, దాన్ని ఎవరూ తీయని చోటు, రోజుకి పది నిమిషాలు. ఉమ్మడి కుటుంబంలో నోట్‌బుక్కు దాచుకోవడం కష్టమైతే ఫోన్‌లో పాస్‌వర్డ్ పెట్టిన నోట్స్ చాలు. ఎవరైనా చదువుతారేమోనన్న భయం ఉన్నంతసేపూ చేయి నిజం రాయదు.

మొదటి మెట్టు: జరిగింది జరిగిందని ఒప్పుకోవడం

“అందరిళ్లలోనూ ఇంతేగా.” “మన మంచికేగా కొట్టింది.” “దెబ్బలు తిన్నాం కాబట్టే ఇవాళ ఈ స్థాయిలో ఉన్నాం.” పెళ్లిళ్లలో చుట్టాలంతా చేరితే చిన్నప్పటి దెబ్బలు హాస్య కథలైపోతాయి. తొడపాశం, గోడకుర్చీ, గుంజీలు, ఎర్రటి ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టడం, అన్నీ నవ్వుతూనే చెప్పుకుంటాం. నవ్వడం తప్పని అనను. కానీ ఆ నవ్వు మాటున ఒకరిద్దరు తల దించుకుని ప్లేటులోకి చూస్తుండటం ఎప్పుడైనా గమనించారా?

అందరిళ్లలోనూ జరిగిందన్న మాటలో చాలావరకు నిజముంది. కేంద్ర స్త్రీ, శిశు సంక్షేమ శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. సగం మందికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక హింస ఎదుర్కొన్నామన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అయితే అందరికీ జరిగినంత మాత్రాన ఎవరికీ నొప్పి పుట్టలేదని కాదు. అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ అండా అనే వైద్యులు శాన్‌డియేగోలో 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగారు. 1998 నుంచి వెలువడిన ఆ ఫలితాల్లో ఒక క్రమం స్పష్టంగా కనిపించింది: చిన్నప్పుడు అనుభవించిన కష్టాల రకాలు పెరిగేకొద్దీ పెద్దయ్యాక డిప్రెషన్, తాగుడు, గుండె జబ్బు లాంటివి వచ్చే అవకాశం పెరుగుతూ పోయింది. మన చట్టం కూడా ఇప్పుడు బడి దెబ్బల్ని క్రమశిక్షణ అనడం లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది.

ఈ మెట్టులో చేయాల్సింది రెండే వాక్యాలు రాయడం. మొదటిది జరిగిన పని: “ఏడో తరగతిలో లెక్కల్లో మార్కులు తగ్గాయని నాన్న బెల్టుతో కొట్టారు.” రెండోది జరగాల్సి ఉండీ జరగనిది: “ఆ రాత్రి ఎవరూ నా దగ్గరికి రాలేదు.” చాలామందిలో లోతుగా దిగిపోయేది ఈ రెండోదే. దెబ్బ తగ్గిపోతుంది. గోడ వైపు తిరిగి ఒక్కడివే పడుకుని, ‘నాలోనే ఏదో లోపం ఉంది’ అని తేల్చుకున్నావే, ఆ తేల్చుకోవడం మిగిలిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ‘కాంప్లెక్స్ పీటీఎస్‌డీ’ (పదేపదే తగిలిన గాయాలు మనసులో మిగిల్చే సమస్య) అనే పేరు చేరింది. తాను ఎందుకూ కొరగానన్న గట్టి నమ్మకం, దాన్ని అంటిపెట్టుకున్న సిగ్గు దాని లక్షణాల్లో ఒకటి. అంటే మీరు మీ స్వభావం అనుకుంటున్నది గాయం తాలూకు గుర్తు అయ్యే అవకాశం ఉంది.

‘ఎందుకు’ అని రాయొద్దు. ‘పాపం నాన్నకి అప్పుడు అప్పులుండేవి’ అని రాయొద్దు. ఆ సంగతి నిజమే కావచ్చు, కానీ ఈ పేజీలో దానికి చోటు లేదు. ఘోరమైన సంఘటనతో అస్సలు మొదలుపెట్టొద్దు. పదిలో మూడో, నాలుగో మార్కుల బరువున్నది తీసుకోండి.

రెండో మెట్టు: ముందు ఒంటికి నచ్చజెప్పడం

బ్రిటన్‌కు చెందిన పాల్ గిల్బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనిషి మనసులో మూడు వ్యవస్థల గురించి చెబుతారు. ప్రమాదాన్ని పసిగట్టేది ఒకటి, కావలసినదాని వెంట పరుగెత్తించేది ఒకటి, నిమ్మళంగా ఉంచేది ఒకటి. మూడోది పసితనంలో ఎవరో ఒకరు ఎత్తుకుని, జోకొట్టి, ఊరడిస్తేనే బలపడుతుంది. అది దొరకని పిల్లల్లో మొదటిదే రాజ్యమేలుతుంది. చదువులో ముందున్నవాళ్లలో రెండోది కూడా విపరీతంగా పెరుగుతుంది. మన ఇళ్లలో ర్యాంకులు, ప్యాకేజీలు సాధించి కూడా ఒక్క ఆదివారం ఖాళీగా కూర్చోలేని వాళ్లని చూస్తూనే ఉంటాం.

ఒళ్లు భయంలో ఉన్నప్పుడు ఎంత మంచి మాటైనా లోపలికి దిగదు. అందుకని మాటల జోలికి పోకుండా కొన్నాళ్లు ఇవి చేయండి.

కళ్లు మూసుకోవద్దు. ధ్యానం అనగానే కళ్లు మూయమంటారు కానీ, గాయపడ్డవాళ్లలో చాలామందికి కళ్లు మూస్తే పాత దృశ్యాలే ముందుకొస్తాయి. కుర్చీలో వీపు ఆనించి, రెండు పాదాలూ నేలకి తాకించి కూర్చోండి. గచ్చు చల్లగా ఉందా, గరుకుగా ఉందా చూడండి. తర్వాత ముక్కుతో మామూలుగా గాలి పీల్చి, వదలడం మాత్రం కాస్త నెమ్మదిగా, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలండి. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ అనే నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఇది మన ఒంట్లో ఉన్న ఏర్పాటే, నమ్మకంతో పని లేదు. ఐదారు ఊపిరులు చాలు.

ఊపిరి మీద దృష్టి పెడితే గుండె దడ ఇంకా పెరిగేవాళ్లూ ఉంటారు. ముఖ్యంగా నోరు నొక్కడం, గొంతు పట్టుకోవడం లాంటివి అనుభవించినవాళ్లు. వాళ్లు ఊపిరిని వదిలేసి బయటి వస్తువుల్ని పట్టుకోవాలి. కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి, పేర్లు పెట్టి చెప్పుకోవడం. వేడి కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా ఇదే పని జరుగుతుంది. గుండె మీద చేయి వేసుకుంటే హాయిగా ఉంటుందని చాలామంది చెబుతారు. మీకు ఇబ్బందిగా ఉంటే మోచేతి మీదో, మోకాలి మీదో వేసుకోండి, అసలు వేసుకోకపోయినా మునిగిపోయేదేమీ లేదు.

దీన్ని గొడవ వచ్చినప్పుడు కాకుండా, ఏమీ జరగని రోజుల్లో సాధన చేయాలి. బస్సు కోసం నిలబడ్డప్పుడో, కుక్కర్ విజిల్ కోసం చూస్తున్నప్పుడో.

మూడో మెట్టు: లోపలి గొంతుని పట్టుకోవడం

ఎక్కువ కాలం పట్టేదీ, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. తొందరపడొద్దు.

మొదటి వారం ఆ గొంతు ఏమంటుందో ఉన్నది ఉన్నట్టు రాయడమే పని. శుభ్రపరచి రాయొద్దు. “నా మీద నాకు నమ్మకం తక్కువ” అని రాస్తే అది డాక్టరు రాసిన చీటీలా ఉంటుంది, దానివల్ల ఉపయోగం లేదు. “గేదెలు కాసుకోవడానికి కూడా పనికిరావురా నువ్వు”, “దరిద్రపు మొహం, నువ్వు పుట్టాకే ఇల్లు ఇలా అయింది”, “పెద్ద బయల్దేరావులే”, “నలుగురిలో పరువు తీస్తావు” అని, అది ఏ యాసలో అంటే ఆ యాసలో, ఒరేయ్ అంటే ఒరేయ్, ఏమే అంటే ఏమే అని రాయండి.

రాశాక పక్కన ఒక ప్రశ్న: ఇది ఎవరు మాట్లాడినట్టుంది? చాలాసార్లు జవాబు వెంటనే వస్తుంది. నానమ్మ. లెక్కల మాస్టారు. బాబాయి. ఒక్కోసారి ఎవరి గొంతూ కాదు, ఇంట్లో అందరి చూపులూ కలిసి అయిన గొంతు. పుట్టినప్పుడు మీ దగ్గర లేని మాటలివి. ఎవరో అన్నారు, మీరు దాచుకున్నారు.

ఎందుకు దాచుకున్నారు? ఇక్కడ చాలామంది ఆ గొంతుని శత్రువుగా చూసి పోట్లాటకి దిగుతారు. నా అభిప్రాయంలో అది అనవసర శ్రమ. ఎనిమిదేళ్ల పిల్లకి నాన్న ఎప్పుడు విరుచుకుపడతాడో తెలియదు. ఆయన తిట్టకముందే తనని తాను తిట్టుకుంటే కొంచెం జాగ్రత్తగా ఉంటుంది, తప్పులు తగ్గుతాయి, ఒకట్రెండు దెబ్బలు తప్పుతాయి. ‘నాన్న మంచివాడు కాదు’ అనుకుంటే ఆ ఇంట్లో ఆ పిల్లకి దిక్కు ఉండదు. ‘నేనే మంచిదాన్ని కాను’ అనుకుంటే కనీసం మారితే బాగుపడతానన్న ఆశ మిగులుతుంది. ఆ గొంతు అప్పట్లో కాపలా కాసింది. ఇప్పుడు ఆ ఇల్లు లేదు, కాపలా మాత్రం నడుస్తోంది.

రెండో వారం నుంచి జవాబు రాయడం మొదలుపెట్టొచ్చు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో ఈ దయని కొలిచే ప్రశ్నావళి తయారు చేస్తూ దాన్ని మూడు భాగాలుగా చెప్పారు: బాధని పెంచకుండా తుంచకుండా ఉన్నంతగా చూడటం, ఇది నా ఒక్కడికే కాదని గుర్తుంచుకోవడం, కటువుగా కాకుండా మెత్తగా పలకరించుకోవడం. జవాబు కూడా ఈ మూడు వాక్యాల్లోనే.

ఉదాహరణకి ఒకామె ఉందనుకుందాం. ఇంటర్ అంతా హాస్టల్లో ర్యాంకుల భయంతో గడిపింది. ఇప్పుడు ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది. నెలాఖరు లెక్కలో ఒక అంకె తప్పు పడింది, అందరికీ మెయిల్ వెళ్లిపోయింది. గొంతు: “చూశావా, ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది నువ్వెంత మొద్దువో.” ఆమె నోట్‌బుక్కులో రాసేది ఇలా ఉండొచ్చు. “తప్పు పడింది, చేతులు చల్లబడ్డాయి, సిగ్గుగా ఉంది. అంకెలతో పనిచేసే ప్రతివాళ్లకీ ఇది జరుగుతుంది, పోయిన నెల పక్క సీటాయనకీ జరిగింది. ముందు మంచినీళ్లు తాగు, తర్వాత సరిచేసిన ఫైలు పంపుదాం.”

ఇందులో పొగడ్త లేదు. ‘నువ్వు గొప్పదానివి’ అన్న మాట లేదు. తప్పు జరగలేదన్న బుకాయింపూ లేదు. తన మీద దయ చూపితే బద్ధకం పెరుగుతుంది, నెత్తికెక్కుతుంది అనే భయం మనవాళ్లకి చాలా ఎక్కువ. దండం దశగుణం అని నూరిపోశారు మరి. కానీ సరిచేసిన ఫైలు పంపగలిగేది నీళ్లు తాగి కుదుటపడ్డ మనిషే. మొద్దు అనిపించుకున్న మనిషి ఆ మెయిల్ తెరవడానికే భయపడి సాయంత్రం దాకా వాయిదా వేస్తుంది.

గిల్బర్ట్ తన రోగుల్లో ఒక విచిత్రం గమనించారు. సరైన మాటలు అనుకుంటున్నారు, అయినా ఊరట కలగడం లేదు. ఆ మాటల్ని లోపల ఏ స్వరంతో అనుకుంటున్నారని అడిగితే, అదే కటువైన, కసిరే స్వరం. కాబట్టి రాసిన మూడు వాక్యాల్ని ఒకసారి పైకి చదివి వినండి. ‘మంచినీళ్లు తాగు’ అన్నది ఆజ్ఞలా వినిపిస్తోందా, పక్కన కూర్చున్న మనిషి అన్నట్టు వినిపిస్తోందా? స్వరం దొరక్కపోతే, జీవితంలో ఒక్కసారైనా మీతో మెత్తగా మాట్లాడిన వ్యక్తిని తలుచుకోండి. అమ్మమ్మ, బడిలో ఆయా, పక్కింటి అత్త, కిరాణా కొట్టు తాత, ఎవరైనా సరే. వాళ్లు మిమ్మల్ని ఏమని పిలిచేవారో అలా పిలుచుకోండి: చిట్టీ, బుజ్జిగా, అమ్మడూ, నాన్నా. అమెరికాలో ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ‘నేను’ అనుకోవడానికి బదులు తమను తాము పేరుతో పిలుచుకున్నవాళ్లు ఒత్తిడిని మెరుగ్గా తట్టుకున్నారు. అయితే ముద్దుపేరుతోనే హింస జరిగి ఉంటే ఆ పేరు వద్దు. కొత్తది పెట్టుకోండి, అడిగేవాళ్లెవరూ లేరు.

దయ నొప్పి పెడితే

రెండు మూడు వారాలకి చాలామంది మానేస్తారు. కారణం బద్ధకం కాదు. ఒక రోజు ఏదో మెత్తని మాట నిజంగానే లోపలికి తగులుతుంది, అంతే, కట్ట తెగినట్టు ఏడుపు వస్తుంది. లేదా ఒళ్లంతా కోపం. లేదా ఏమీ అనిపించని మొద్దుబారినతనం. ‘ఇదేదో నాకు పడట్లేదు’ అని పక్కన పెట్టేస్తారు.

మఠం వేసుకుని కూర్చున్న కాలు తిమ్మిరెక్కితే లేచేదాకా ఏమీ తెలియదు, రక్తం మళ్లీ పారడం మొదలైనప్పుడే సూదులు గుచ్చినట్టుంటుంది. ఇదీ అలాంటిదే. నెఫ్‌తో కలిసి తన మీద దయ నేర్పే శిక్షణని రూపొందించిన క్రిస్టఫర్ జెర్మర్ దీన్ని ప్రత్యేకంగా పేరు పెట్టి మరీ హెచ్చరిస్తారు. దయ దొరికినప్పుడు, అది ఇన్నాళ్లూ దొరకలేదన్న సంగతి కూడా తెలిసొస్తుంది.

అలాంటి రోజు మోతాదు తగ్గించాలి. నోట్‌బుక్కు మూసేయండి. జ్ఞాపకంలోకి దిగొద్దు. లేచి పాదాలు నేలకి తాకించి నాలుగడుగులు నడవండి, మొక్కలకి నీళ్లు పోయండి, అంట్లు తోమండి. దయని మాటల్లోంచి చేతల్లోకి మార్చేయండి. నా మటుకు నాకు, మాటలతో చేసే దయకన్నా చేతలతో చేసేదే గాయపడ్డవాళ్లకి ముందు అందుతుందనిపిస్తుంది. వేళకి తినడం. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది కాకుండా వేడివేడిగా తమ కంచంలో తామే ముందు వడ్డించుకోవడం. ఇది చదువుతున్న ఆడవాళ్లలో కొందరికి ఈ ఒక్క పనే మూడో మెట్టు మొత్తం కన్నా కష్టమని నాకు తెలుసు. పన్నునొప్పికి నెలలు ఓర్చుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లడం. చలికాలం దుప్పటి కొనుక్కోవడం. ఇవి చేసేటప్పుడు కళ్లల్లో నీళ్లు రావు, పని మాత్రం జరుగుతుంది.

నాలుగో మెట్టు: చిన్నప్పటి మిమ్మల్ని చూడటం

మొదటి మూడూ కాస్త అలవాటయ్యాకే ఇది. లైంగిక హింస జరిగినవాళ్లు ఈ మెట్టుని కౌన్సెలర్ తోడు లేకుండా చేయొద్దని గట్టిగా చెబుతాను.

పాత ఫొటో ఒకటి వెతకండి. బడిలో గ్రూపు ఫొటోనో, పెళ్లి ఆల్బంలో మూలకి నిలబడ్డదో. ఘోరం జరిగిన ఏడాది ఫొటో వద్దు, అటో ఇటో ఉన్నది తీసుకోండి. చూసినప్పుడు ప్రేమ పొంగుకొస్తుందని అనుకోవద్దు. చాలామందికి ముందు వచ్చేది చిరాకు. “ఎందుకలా నోరు మూసుకుని ఉన్నావు? ఎవరికైనా చెప్పొచ్చుగా?”

ఈ చిరాకుకి మందు ఊహలో లేదు, వీధిలో ఉంది. మీకు అది జరిగినప్పటి వయసు పిల్లల్ని ఇవాళ చూడండి. మూడో తరగతి పిల్లవాడు స్కూలు బస్సు మెట్టెక్కడానికి ఎంత కష్టపడతాడో, బ్యాగు వాడికన్నా ఎంత పెద్దగా ఉంటుందో చూడండి. మన జ్ఞాపకంలో మనం ఎప్పుడూ ఇప్పటి బుర్రతోనే ఉంటాం. నిజానికి అప్పుడు మీరు అంతే ఉన్నారు. ఆ పిల్లవాడు ఎవరికి చెప్పాలి? చెబితే ఎవరు నమ్మేవారు? నమ్మితే ఏం చేసేవారు? ఆ ఇంటి, ఆ ఊరి నిజమైన పేర్లతో ఈ మూడింటికీ జవాబు రాయండి. నోరు మూసుకుని ఉండటం తప్ప దారి లేదని చాలాసార్లు కాగితం మీదే తేలిపోతుంది.

తర్వాత, కావాలనుకుంటే, చిన్నప్పటి మీకు ఒక ఉత్తరం. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రసిద్ధ ప్రయోగంలో విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట మాత్రమే తమ గాయాల గురించి రాశారు. రాసిన వెంటనే వాళ్ల మనసు బరువెక్కింది, తర్వాతి నెలల్లో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. ఇందులో మనం పట్టుకోవాల్సింది పావుగంట అన్న హద్దుని. అలారం పెట్టుకుని రాయండి, మోగగానే ఆపేయండి. రాత్రి పడుకోబోయేముందు రాయొద్దు. రాశాక చేసే పని ముందే అనుకోండి: స్నానం, కూరగాయల బజారు, స్నేహితుడికి ఫోను.

అమ్మానాన్నల సంగతి

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కుంటారు. జరిగింది ఒప్పుకుంటే కన్నవాళ్లకి ద్రోహం చేసినట్టు, ఒప్పుకోకపోతే తమకి తాము ద్రోహం చేసుకున్నట్టు.

రెండూ ఒకే పేజీలో రాయొచ్చు. “నాన్న నా ఫీజు కోసం పొలం అమ్మాడు. నాన్న నన్ను బెల్టుతో కొట్టాడు.” మధ్యలో ‘కానీ’ పెట్టకండి. పెడితే ఒకటి రెండోదాన్ని కొట్టేస్తుంది. మీ నాన్ననీ ఆయన నాన్న అలాగే కొట్టి ఉండొచ్చు. అది దెబ్బ ఎక్కడినుంచి వచ్చిందో చెబుతుంది, నొప్పి లేదని చెప్పదు.

క్షమించాలా? అక్కర్లేదు. కాలక్రమంలో దానంతటదే జరిగితే మంచిదే, జరగకపోతే మీ సాధనలో లోపమేమీ లేదు. ముసలితనంలో వాళ్లకి మందులు కొనివ్వడం, ఆసుపత్రికి తిప్పడం మీరు చేస్తుండొచ్చు. అది మీ ధర్మం అనుకుంటే చేయండి, దానికి క్షమించడంతో ముడి పెట్టకండి. ముఖాముఖి అడిగేయాలన్న కోరిక కూడా ఈ దశలో వస్తుంది. తొందరపడొద్దంటాను. “నేనెప్పుడు కొట్టాన్రా, నీకన్నీ కలలొస్తాయి” అన్న జవాబు వచ్చే అవకాశమే ఎక్కువ. ఆ మాటని తట్టుకునే బలం వచ్చాక, వాళ్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నా మాట నేను చెప్పుకోవాలి అనిపించినప్పుడు ఆలోచించొచ్చు.

సంక్రాంతికి ఊరెళ్లడం లాంటివి ముందుగానే లెక్క వేసుకోండి. ఎన్ని రాత్రులు ఉంటారు, ఏ గదిలో పడుకుంటారు, మాటలు ముదిరితే ఏ స్నేహితుడి ఇంటికి, ఏ గుడికి, ఏ కొట్టుకి నడిచి వెళతారు, తిరుగు టికెట్టు ఏ రోజుకి. నాలుగు రోజులు ఉంటే మాటలు మీరతాయని తెలిస్తే రెండు రోజులే ఉండండి, ఆఫీసు సెలవు దొరకలేదని చెప్పండి. ఈ అబద్ధానికి పాపం లేదు. మీకు హాని చేసిన మనిషి పెళ్లి పందిట్లో ఎదురైతే కాళ్లకి దండం పెట్టక్కర్లేదు. అక్షింతలు చేతిలో ఉన్నాయని, పాప ఏడుస్తోందని పక్కకి తప్పుకోవచ్చు. ఆ మనిషి చుట్టూ ఇప్పటికీ చిన్నపిల్లలు తిరుగుతుంటే మాత్రం అది మీ ఒక్కరి విషయం కాదు. 1098కి చెప్పండి, లేదా ఆ పిల్లల తల్లికి సూటిగా చెప్పండి. విదేశాల్లో ఉన్నవాళ్లకి దూరం ఒక వరమే అయినా, వారాంతం వీడియో కాల్ ఆ దూరాన్ని చెరిపేస్తుంది. కాల్ అరగంట అని ముందే చెప్పడం, కాల్ అయ్యాక పది నిమిషాలు బయట నడవడం చాలామందికి పనికొస్తాయి.

మీకే పిల్లలుంటే, ఏదో ఒక రోజు మీ చేయీ లేస్తుంది, లేదా అదే తిట్టు మీ నోట్లోంచి వస్తుంది. ఆ రోజు ‘నేనూ ఆయనలాగే అయ్యాను’ అని రాత్రంతా కుమిలిపోవడం వల్ల పిల్లకి ఒరిగేదేమీ లేదు. దగ్గర కూర్చుని “అలా అరవకుండా ఉండాల్సింది. తప్పు నాది, నీది కాదు” అనండి. మీకు ఎవరూ అనని వాక్యం అది.

ఎవరి సాయం, ఎలా అడగాలి

ఆరేడు వారాలు చేసినా నిద్ర పట్టకపోతే, పాత దృశ్యాలు పగలు కూడా కళ్ల ముందు తిరుగుతుంటే, మొద్దుబారినతనం వదలకపోతే మనిషి సాయం కావాలి. మందులు రాసేది సైకియాట్రిస్టు. మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి, అడిగి తెలుసుకోండి. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, కాస్త దూరమైనా బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నాయి. ఎర్రగడ్డ పేరుని తిట్టుగా వాడి వాడి అక్కడికి వెళ్లాలంటేనే జంకేలా చేసుకున్నాం కానీ, అది కూడా ఒక ఆసుపత్రే, అక్కడా ఓపీ చీటీయే రాస్తారు.

బాల్య గాయాల మీద పనిచేసిన అనుభవం ఉందా, ఏ పద్ధతి వాడతారు అని మొదటి రోజే అడగండి. గాయం మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్ల కదలికల సాయంతో చేసే చికిత్స) అనే రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో సూచించింది. మీ సంగతులు గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ హక్కు. ఏ సందర్భాల్లో బయటికి చెప్పాల్సి వస్తుందో కూడా ముందే అడగండి. మొదటి కలయికలోనే “కన్నవాళ్లు కదమ్మా, క్షమించేయ్” అనో, “జరిగిందంతా ఇప్పుడే చెప్పు” అనో అంటే రెండోసారి వెళ్లక్కర్లేదు, ఇంకొకరిని చూడండి.

కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలంటే ఓపిక ఉండదు. అందుకని ఒక కాగితం సిద్ధం చేసుకోండి: జరిగింది రెండు వాక్యాల్లో, ఇప్పుడు ఉన్న ఇబ్బందులు, వాడుతున్న మందులు, ఇంకా మాట్లాడటానికి సిద్ధంగా లేని విషయాలు. దాన్ని బల్ల మీద పెట్టి “ముందు ఇది చదవండి” అనొచ్చు.